సన్నాయి ఎనుక వంద వయొలిన్లు నిలబడొద్దా?

2023 ఆగస్టుల మోకిల ప్లాట్లను హెచ్ఎండీఏ వేలం పెట్టింది. సర్కారు పెట్టిన కనీస ధర గజానికి 25 వేలు. పాట పోయి పోయి ఒకకాడ లక్షా 5 వేలకు ఆగింది. అప్పటిసంది మా దిక్కు ఎవలు కలిసినా అదే పాట. శంకర్‌పల్లి రోడ్డు మీద చాయ్ బండి కాడ, చేవెళ్ల బస్టాండుల, మొయినాబాద్ చౌరస్తల, అంతట గజాల లెక్కే. నేను కూడ ఆ లెక్కల మీద శానాసార్లు రాసిన. ఇయ్యాల వేరే పాట గురించి రాస్త. వేలం పాట కాదు, సన్నాయి పాట.

దీన్ని వార్తల పేజీల ఎందుకు రాస్తున్నవ్, ఇది రాజకీయం కాదు కదా అనేటోల్లు ఉంటరు. రాజకీయమే. ఎవని జాగకు ధర ఉన్నది, ఎవని చేతిపనికి ధర లేదు అనేది రాజకీయం కాకపోతే ఇంకేది రాజకీయం? మోకిల, జన్వాడ, కొండకల్ దిక్కు విల్లాలు లేస్తున్నయ్. మొయినాబాద్ దిక్కు ఫామ్‌హౌజులు, రిసార్టులు, ఫంక్షన్‌హాళ్లు. లగ్గాల సీజన్ వచ్చిందంటే పట్నం సగం ఇటే ఉంటది. పొద్దుగాల చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసేటోల్లు, రాత్రి లగ్గాలకు వచ్చేటోల్లు, రోడ్డు ఖాళీ ఉండదు. ఇన్ని లగ్గాలు, ఇన్ని గుళ్లు, ఇంత పైస ఉన్నకాడ, లగ్గం కోసం గుడి కోసం పుట్టిన బాజా ఎందుకు మూలకు పడుతున్నది?

ఈ ప్రశ్నను నాకు కొత్తగ తిప్పి అడిగినోడు ఒక పియానో సారు. విల్లాలల్ల పిల్లలకు పియానో నేర్పుతడు. ముప్పై ఏండ్ల లోపు పిలగాడు. ఒక మీటింగు కాడ కలిసి, "అన్నా, సన్నాయికి కన్సర్టో రాద్దామనుకుంటున్న. మీ దిక్కు మంచిగ వాయించే పెద్దమనుషులు ఎవరన్న ఉన్నరా?" అన్నడు. నేను ముందుగాల నవ్విన. తర్వాత రెండు రోజులు అదే ఆలోచన.

కన్సర్టో అంటే ఏందో నేను కాలేజీల చదువుకున్నది కాదు. పుస్తకాలు తిరగేసి, ఫోన్ల విని తెలుసుకున్నదే. నాకు అర్థమైన తీరుగ చెప్త. ఒక్క బాజా ముందట నిలబడ్తది. దాని ఎనుక యాభై మందో ఎనభై మందో వయొలిన్లు, బూరలు, డోళ్లు పట్టుకొని కూసుంటరు. ముందటోడు ఒక మాట అంటడు, ఎనుకటోల్లు జవాబు చెప్తరు. కొంతసేపు ముచ్చట, కొంతసేపు వాదులాట. ఒకకాడ ఎనుకటోల్లంత చేతులు ఆపేస్తరు, ముందటోడు ఒక్కడే తన మనసుల ఉన్నదంత వాయిస్తడు. మన ఒగ్గుకథల కథ చెప్పేటోడు, వంత పాడేటోల్లు ఉంటరు చూసిండ్రా, అట్ల. కాకపోతే ఇక్కడ వంత పాడేటోల్లు ఎనభై మంది.

యూరోప్‌ల ఈ పద్ధతి వయొలిన్‌కు, పియానోకు ఎక్కువ పేరు తెచ్చింది. కని అక్కడ కూడ ఎవలు పట్టించుకోని బాజాలు ఉన్నయ్. బాసూన్ అని ఒక కట్టె బాజా ఉంటది, మనిషంత పొడుగు, ఆర్కెస్ట్రాల నడుమ ఎక్కడో కూసొని అడుగు సరాలు పలుకుతది. దానికి ఇటలీల వివాల్డి అనే ఆయన ఒకటి కాదు రెండు కాదు, 37 దాకా కన్సర్టోలు రాసిండు. ఈ వివాల్డి 1703 నుంచి వెనిస్‌ల ఒక అనాథ ఆడపిల్లల ఆశ్రమంల సంగీతం సారు. ఆ పిల్లలు వాయించనీకి శానా రచనలు చేసిండు. తల్లిదండ్రి ఎవరో తెల్వని పిల్లలు వాయిస్తుంటే విననీకి దేశదేశాల పెద్దోల్లు వచ్చేటోల్లు. అంటే ఒక మనిషి కూసొని కాయితం మీద రాస్తే, ఎవలు చూడని బాజాకు, ఎవలు చూడని మనిషికి ముందు వరుసల జాగ దొరుకుతది. పియానో సారు చెప్పిన ముచ్చటల నాకు పట్టుకున్నది గిదే.

ఇంకో సంగతి తెలిస్తే మీకు కూడ నవ్వొస్తది. ఏ ఆర్కెస్ట్రా అయినా కచేరి షురూ చేసేముందు సుతి కలుపుకుంటది. ఆ సుతి ఇచ్చేది ఓబో అనే కట్టె బాజా. అది ఒక్క సరం పట్టుకుంటే వయొలిన్లు, సెల్లోలు, బూరలు అన్నీ దానికి కలుపుకోవాలె. ఆ ఓబో ఎవరో కాదు, మన సన్నాయికి చుట్టమే. రెండు పలుచని గడ్డి రేకులను కలిపి కట్టిన పీక, ఆ పీకల ఊపిరి పోస్తే మోగే కట్టె గొట్టం, ఇదే వంశం. తుర్కీల జుర్నా, పర్షియాల సుర్నాయ్, ఉత్తరాన షెహనాయ్, చైనాల సుయొనా, మన సన్నాయి, అన్నీ ఒక్క ఇంటి పిల్లలు. యూరోప్‌ల ఓబోకు పెద్దమ్మ అయిన బాజా కూడ మన సన్నాయి లెక్కనే వీధులల్ల, ఊరేగింపులల్ల మోగేది. 17వ శతాబ్దంల ఫ్రాన్స్ రాజు దర్బారుల బాజాలు చేసేటోల్లు దాని గొంతు మెత్తగ చేసి ఇంట్లకు తెచ్చిండ్రు. చిన్నమ్మ బిడ్డ ప్రపంచంల ఉన్న ఆర్కెస్ట్రాలన్నిటికి సుతి పెడుతున్నది. పెద్దమ్మ బిడ్డ మన ఫంక్షన్‌హాల్ల జనరేటర్ పక్కన కూసున్నది.

జనరేటర్ పక్కన అని ఊకె అన్లే. పోయిన సీజన్ల ఒక చుట్టాల లగ్గానికి పోయిన. హాలు పేరెందుకు గని, స్టేజి మీద ఎల్ఈడీ గోడ, రెండు దిక్కుల మనిషి ఎత్తు డీజే బాక్సులు. మేళమోల్లను తెచ్చి హాలు బయట, జనరేటర్ కాడ కూసోబెట్టిండ్రు. ఆ సప్పుడుల వాళ్ల సుతి వాళ్లకే వినబడ్తలేదు. పుస్తె కట్టే టైముకు ఒక పిలగాడు ఉరికొచ్చి "వాయించుండ్రి, వాయించుండ్రి" అని చెయ్యి ఊపిండు. రెండు నిమిషాలు గట్టిమేళం. గంతే. మళ్ల డీజే.

గట్టిమేళం ఎందుకో మనకందరికి తెలుసు. పుస్తె కట్టేటప్పుడు ఎవలన్న తుమ్మినా, చెడు మాట అన్నా పెండ్లికొడుకు పెండ్లిపిల్ల చెవుల పడొద్దు. అందుకని మేళాన్ని ఒక్కసారి పెద్దగ లేపుతరు. బాగ ఆలోచించుండ్రి. మన సమాజం సన్నాయిని పెట్టుకున్నది విననీకి కాదు, వేరేది వినబడకుండ చేయనీకి. వందల ఏండ్ల నుంచి ఊర్ల ప్రతి శుభకార్యంల వాయించిన మనిషి పాటను ఊరు మొత్తం కూసొని, నోరు మూసుకొని, మొదటి నుంచి చివరిదాకా విన్న దినం ఎన్నడన్న ఉన్నదా? కన్సర్టోల ఉన్న అసలు మర్యాద అదే. టికెట్ కొనుక్కొని వచ్చినోడు ఫోన్ బంద్ చేసి అరగంట ఆ ఒక్క బాజానే వినాలె.

పియానో సారును తీసుకొని నేను ఒక మేళం పెద్ద కాడికి పోయిన. చేవెళ్ల దాటినంక ఒక ఊరు. ఆయనకు డెబ్బై దాటినయ్. తండ్రి, తాత అందరు సన్నాయే. కొడుకు బ్యాండ్ మేళంల క్లారినెట్ పట్టిండు, మనుమడు సెలూన్ పెట్టుకున్నడు. సారు తన ముచ్చట చెప్తుంటే తాత మంచం మీద కూసొని అంత విన్నడు. విని, "రాసుడు గీసుడు తర్వాత బిడ్డా. ముందుగాల నాకు మంచి పీకలు తెచ్చియ్యి" అన్నడు. ఆ పీక సంగతి మళ్ల చెప్త. తర్వాత సన్నాయి తీసి, పీక నోట్లె పెట్టుకొని తడిపి, వాయించుడు మొదలుపెట్టిండు. మేం ఇద్దరం కదలకుండ కూసున్నం. ఐదారు నిమిషాలకు ఆపి మా దిక్కు చూసిండు. "ఏంది బిడ్డా, గట్ల ఊకున్నరు? బాగలేదా?" అన్నడు.

సారు ఏమనాలెనో తెల్వక, "లేదు తాతా, వింటున్నం" అన్నడు.

యాభై ఏండ్ల సంది వాయిస్తున్న మనిషికి, ఎదురుంగ మనుషులు సప్పుడు చేయకుండ వింటే అనుమానం వచ్చింది. ఇంతకన్న ఏం రుజువు కావాలె?

ఇప్పుడు కులం ముచ్చటకు వద్దాం. దాన్ని దాటిపోయి సంగీతం గురించి మాట్లాడుడు నాతోని కాదు. తెలంగాణల సన్నాయి ఎక్కువ నాయీబ్రాహ్మణుల చేతుల ఉన్నది. ఊర్ల గడ్డం గీసేటోడు, పురుడు కాడ ఉండేది, పుండు కోసేటోడు, లగ్గంల వాయించేటోడు ఒక్క ఇంటోల్లే. వాళ్లకు పంట మీద బలుత ఇచ్చేది, కొన్ని ఊర్లల్ల గుడిల వాయించినందుకు మాన్యం ఉండేది. ఆ బాజాను మంగళవాయిద్యం అంటం. ఆ మనిషి ఎదురొస్తే మాత్రం అపశకునం అన్నోల్లు మన ఊర్లల్లనే ఉన్నరు. మంగళం బాజాకు, మైల మనిషికి. ఈ రెండు ఒక్క నోట్లెకెల్లి ఎట్ల వస్తయో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

సర్కారు ఏం చేసింది? 2021 ఏప్రిల్ నుంచి నాయీబ్రాహ్మణుల సెలూన్లకు, రజకుల లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం ఇచ్చింది. మంచిదే, వద్దనను. కని ఆ పథకం చూసింది కత్తెరను, సన్నాయిని కాదు. అట్లనే ధూపదీప నైవేద్యం అని ఇంకో పథకం ఉన్నది. ఆదాయం లేని గుళ్లకు నెల నెల ఇచ్చేది 2023ల 6 వేల నుంచి 10 వేలు చేసిండ్రు. ఆ పైసలల్ల పూజారి గౌరవం ఉన్నది, దీపం నూనె ఉన్నది, ప్రసాదం ఉన్నది. గుడిల పొద్దుమాపు మోగాల్సిన నాదం లేదు. పథకం పేరుల మూడు మాటలు ఉన్నయ్, నాలుగోది మర్చిపోయిండ్రు. దేవునికి పొగ కావాలె, వెలుతురు కావాలె, తిండి కావాలె, చెవులు మాత్రం లేవా?

అవార్డులు వస్తున్నయ్ కదా అంటరు. వచ్చినయ్. గుస్సాడీ కనకరాజుకు 2021ల, పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు, కంచుమేళం సకిని రామచంద్రయ్యకు 2022ల, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024ల పద్మశ్రీ వచ్చింది. వాళ్లకు వచ్చినప్పుడు నేను సంబురపడ్డ. కని మొగిలయ్యను చూసుండ్రి. సినిమాల పాడిండు, ఢిల్లీల రాష్ట్రపతి చేతుల మీదికెల్లి అవార్డు తీసుకున్నడు. రెండేండ్లకు, 2024ల, తుర్కయంజాల్ల బిల్డింగు కాడ కూలిపని చేసుకుంట కనబడ్డడని పేపర్లల్ల వచ్చింది. మెడల్ మెడల పడ్తది, గంజి గిన్నెల పడదు. కళాకారునికి కావాల్సింది సన్మానం కన్న ముందు పని. శాలువా ఒకనాటి ముచ్చట. వాయించనీకి ఒక రచన, వాయించినందుకు పైసలు, మళ్ల మళ్ల వాయించే జాగలు, ఇవి ఉంటే అవార్డు రాకున్నా మనిషి నిలబడ్తడు.

మన తెలుగు సన్నాయి చిన్నదేం కాదు. ఒంగోలు పక్కన కరవదిల 1924ల పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంల దేశమంత పేరు పడ్డడు. 1998ల మద్రాస్ మ్యూజిక్ అకాడమి సంగీత కళానిధి ఇచ్చింది. ముస్లిం ఇంట్ల పుట్టి గుడి బాజాకు పెద్ద దిక్కు అయిండు. కని ఎక్కడ స్థిరపడ్డడు? తమిళనాడుల శ్రీరంగంల. భద్రాచలం రాముని గుడిల సన్నాయి వాయించిన గోసవీడు షేక్ హసన్‌కు పద్మశ్రీ ప్రకటించింది 2022ల, మనిషి పోయినంక. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020ల వచ్చిన పద్మశ్రీ కూడ తమిళనాడు లెక్కలనే పడ్డది. ఇక్కడ పుట్టిన ఊపిరి అక్కడికి పోయి మోగాలె. ఎందుకంటే అక్కడ గుడి ఉత్సవంల సన్నాయి విననీకి మనుషులు తెల్లార్లు కూసుంటరు. తిరుపతిల టీటీడీ నాదస్వరం, డోలు నేర్పే బడి నడుపుతున్నది. అసొంటిది మన దిక్కు ప్రతి పెద్ద గుడికి ఒకటి ఉండాలె కదా.

సరే, కన్సర్టో రాయాలంటే ఎట్ల రాయాలె? ఈ ముచ్చట పియానో సారు, తాత, నేను గంటలకొద్ది మాట్లాడుకున్నం. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెల్వదు. సారు గీతల మీద సుక్కలు పెట్టి రాస్తడు. తాత నోటితోని పలికి చూపెడ్తడు. నడుమ నేను దుబాసి.

మొదటి తంటా గొంతు. సన్నాయి బయట మోగనీకి పుట్టింది. ఊరి ఆ చివరికి వినబడాలె. ఇరవై వయొలిన్లు కలిసి వాయించినా ఒక్క సన్నాయి లేస్తే అవి ఎటు పోతయో తెల్వదు. అందుకని ఎనుకటోల్లు ఎప్పుడు పడితే అప్పుడు వాయించొద్దు. సన్నాయి ఊపిరి ఆపిన సందుల మాట్లాడాలె, లేకుంటే అడుగున సుతి లెక్క పరుచుకొని ఉండాలె.

రెండోది సుతి. ఆర్కెస్ట్రాకు దాని లెక్క దానికుంటది. సన్నాయికి కట్టె పొడుగును బట్టి దాని ఆధారం దానికుంటది. ఏడు రంధ్రాలు వేళ్లకు. నాదస్వరానికైతే అడుగున ఇంకో ఐదు, మైనంతోని మూసి తెరిచి సుతి సర్దుకునేటివి. ఓబోకు ఉన్నట్టు లోహపు మీటలు లేవు. వేలు సగం లేపి, పెదవి నొక్కి, ఊపిరి గట్టిగ మెత్తగ చేసి సరాల నడుమ సందులన్నీ పలికించాలె. సారు కీబోర్డుల పన్నెండు మెట్లు ఉన్నయ్. తాత సన్నాయిల మెట్లు లేవు, జారుడు బండ ఉన్నది. "మీ డబ్బా తప్పు పలుకుతున్నది" అని తాత మొఖం మీదనే చెప్పిండు. నిజమే. ఒక రాగంల గాంధారం ఊగాలె, ఊగకుంటే రాగమే కాదు. పియానో ఊగదు. వయొలిన్ ఊగుతది.

వయొలిన్ మీద ఒక మాట. అది మన బాజా కాదు. తెల్లోడు తెచ్చిండు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి నేర్చుకొని మన సంగీతంల పెట్టిండని చెప్తరు, రెండొందల ఏండ్ల కిందటి సంగతి. తర్వాత మన ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని పట్టుకొని విజయనగరం పేరు నిలబెట్టిండు. పరాయి బాజాను మనం కచేరి స్టేజి మీద పరుపేసి కూసోబెట్టినం. మన ఊరి సన్నాయిని గేటు బయట నిలబెట్టినం.

మూడోది ఊపిరి. ముక్కుతోని గాలి పీల్చుకుంట నోట్లె దాచిన గాలిని పీకలకు తోలుడు సన్నాయోల్లకు తెలిసిన విద్య. దానితోని సరం తెగకుండ ఎంతసేపైనా సాగుతది. రాసేటోనికి ఇది వరం. ఎనుక ఎనభై మంది అలిసిపోయి ఆగినా ముందటోడు ఇంకా పట్టుకునే ఉంటడు. ఇక డోలు. డోలు లేకుండ సన్నాయిని ఒక్కదాన్నే నిలబెడ్త అని సారు అంటే తాత ఒప్పుకోలే. "మొగుడు పెండ్లాన్ని యిడగొడ్తవా?" అన్నడు. కాబట్టి ముందట ఇద్దరు నిలబడాలె, సన్నాయి, డోలు.

అసలు పెద్ద అనుమానం నాకు ఉండె. తాతకు ఆ గీతల రాత రాదు. ఆర్కెస్ట్రా మొత్తం రాతను చూసే వాయిస్తది. ఎట్ల కలుస్తరు? దీనికి జవాబు కన్సర్టోలనే ఉన్నది. మోజార్ట్ కాలంల కూడ రాసినాయన ఒకకాడ ఖాళీ వదిలిపెట్టేటోడు. ఆర్కెస్ట్రా ఆగుతది, ముందటోడు తనకు తోచింది వాయిస్తడు, అయిపోయినంక ఒక సైగ చేస్తడు, అందరు మళ్ల అందుకుంటరు. మన ఆలాపనకు అది దూరం కాదు. సారు ఆ ఖాళీని పెద్దగ చేస్తే చాలు.

చేసినోల్లు ఉన్నరు. జపాన్‌ల టకెమిట్సు అనే ఆయన 1967ల నవంబర్ స్టెప్స్ అని రాసిండు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ తన 125 ఏండ్ల పండుగకు రాయించింది. ముందట రెండు జపాన్ బాజాలు, బివా అనే తంత్రి బాజా, షకుహాచి అనే వెదురు పిల్లనగ్రోవి. ఆయన వాటిని ఆర్కెస్ట్రాల కలిపి పులగం చేయలే. దేని జాగ దానికి ఇచ్చిండు. చివరికి ఆర్కెస్ట్రా మొత్తం ఊకుంటది, ఆ రెండు బాజాలే చానాసేపు మాట్లాడుకుంటయ్. నాకు ఆ పద్ధతి నచ్చింది. మన సితారుకు రవిశంకర్ 1971లనే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతోని కన్సర్టో చేసిండు. జాకిర్ హుస్సేన్ తబలాకు 2015ల చేసిండు. సితారు, తబలా దర్బారుల పెరిగిన బాజాలు, వాటికి దారి దొరికింది. షెహనాయ్‌కి బిస్మిల్లా ఖాన్ ఉండె. 1947ల ఎర్రకోటల వాయించిండు, 2001ల భారతరత్న తీసుకున్నడు. ఇయ్యాల మన ఫంక్షన్‌హాళ్లల్ల ఆయన రికార్డునే పెన్‌డ్రైవుల పెట్టి మోగిస్తరు. బతికున్న మేళాన్ని బయట కూసోబెట్టి, కాలం చేసిన ఉస్తాద్‌ను లోపల మోగిస్తున్నరు.

ఎదురు వాదన కూడ చెప్పాలె. మా సోపతిగాడు ఒకడు, సంఘంల పనిచేస్తడు, "మన సన్నాయికి తెల్లోని ముద్ర ఎందుకన్నా? కన్సర్టో రాస్తేనే గొప్పదా?" అన్నడు. అడగాల్సిన మాటే. ఇళయరాజా 2025 మార్చిల లండన్‌ల సింఫనీ వినిపించినప్పుడు కూడ గిసొంటి మాటలే అన్నరు. పన్నైపురం అనే పల్లెల దళితుల ఇంట్ల పుట్టిన మనిషి రాసిన రాతను రాయల్ ఫిల్‌హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా ఎదురుంగ పెట్టుకొని వాయించింది. అందుల తెల్లోని ముద్ర ఎవరికి పడ్డది, పల్లెటోని ముద్ర ఎవరికి పడ్డది? నాకైతే ముద్రతోని పనిలేదు. పెద్ద రచన అంటే పెద్ద బడ్జెట్, రిహార్సల్లు, రికార్డింగు, నేర్చుకునే పిల్లలు, పేపర్ల పేరు. ఇవన్నీ ఇన్నేండ్లు వేరేటోల్లకు పోయినయ్. ఇప్పుడు సన్నాయికి రావాలె. దాన్ని కన్సర్టో అనకుండ ఇంకేమన్న అనుండ్రి, నాకు అభ్యంతరం లేదు.

నా భయం వేరే. రవీంద్రభారతిలనో శిల్పకళావేదికలనో ఒక్కరోజు వాయించి, మంత్రి జ్యోతి వెలిగించి, ఫొటో దిగి, తెల్లారి అందరు మర్చిపోతరు. మేళం పెద్దకు ఒక శాలువా, ఒక బొకే. అట్లయితే వద్దు. మొదటి కచేరి మా దిక్కే కావాలె. విల్లాల క్లబ్‌హౌజులల్ల కాదు, ఊర్ల బొడ్రాయి ముందట. విల్లాల పిల్లలు అక్కడికి నడిచి రావాలె. గోడకు ఇవతల ఉన్న పిల్లలు, అవతల ఉన్న పిల్లలు ఒక్కకాడ కూసుండే సందర్భం మోకిలల ఇప్పుడు ఏమున్నది? బడి వేరే, ఆట వేరే, నీళ్ల ట్యాంకర్ వేరే.

పైసలు ఎక్కడియి అనేటోల్లకు మోకిల లెక్కే చెప్త. గజం లక్ష అయితే పది గజాలు పది లక్షలు. పది గజాలల్ల ఒక కారు కూడ సక్కగ పట్టదు. ఆ పైసలతోని రాసేటోన్ని ఏడాదిపాటు కూసోబెట్టి రాయించొచ్చు. ఇంకో పది గజాల పైసలతోని మేళమోల్లకు రిహార్సల్ దినాలకు కూలి కట్టియ్యొచ్చు. తెలంగాణ సంగీత నాటక అకాడమి ఉన్నది, సాంస్కృతిక శాఖ ఉన్నది. వేలం పెట్టి వందల కోట్లు తీసుకున్న దిక్కు నుంచి ఇరవై గజాలు అడుగుడు మరీ ఎక్కువనా? 2024 అక్టోబరుల హైదరాబాద్ పోలీసులు దేవుని ఊరేగింపులల్ల డీజే బంద్ అని ఆర్డర్ ఇచ్చిండ్రు. డీజే వద్దన్న సర్కారు దాని జాగల ఏం మోగాలెనో కూడ ఆలోచించాలె.

పీక సంగతి చెప్త అన్న కదా. మంచి పీకలు కావేరి ఒడ్డున పెరిగే గడ్డితోని చేస్తరు. నాదస్వరం చేసే నరసింగంపేట కూడ అక్కడిదే, 2022ల జీఐ గుర్తింపు వచ్చింది. మన మేళమోల్లు పీకల కోసం అటు మొఖం చూడాలె, లేకుంటే పాత పీకలనే గీకి గీకి వాడాలె. చిన్న వస్తువు, అరచేతిల పది పడ్తయ్. అది పగిలితే లక్ష రూపాయల రచన కూడ మోగదు. ఏసీ హాల్ల ఎండిపోతది, నోట్లె పెట్టి తడుపుకుంట ఉండాలె. తాత సన్నాయికి దారంతోని కట్టి ఉన్న పీకలు నేను లెక్కపెట్టిన, మూడు ఉన్నయ్. అందుల ఒకటే పలుకుతది.

పియానో సారు మొదటి భాగం రాసుడు మొదలుపెట్టిండు. ఎవలెవలికి ఎంత ఇయ్యాలె అని ఒక కాయితం కూడ రాసుకున్నడు, నాకు చూపెట్టిండు. సన్నాయి ఇద్దరు, డోలు ఒకరు, తాళం ఒకరు. తాత ఆ కాయితం చదివిపిచ్చుకొని, "సుతి పట్టేటోడు ఏడి?" అన్నడు. దానికి డబ్బా ఉంటది కదా తాతా, స్విచ్ వేస్తే మోగుతది అన్నడు సారు. తాత తమ్ముడు నలభై ఏండ్లు సుతే పట్టిండంట, ఒక్క సరం, ఊపిరి తెగకుండ, పాట అయిపోయేదాకా. ఆయన ఇంకా ఉన్నడు, పక్క గల్లీలనే. కాయితంల ఐదో పేరు రాసినంకనే తాత వేలిముద్ర వేసిండు.